పొయ్యిలోకి పోయిన దడి

పొద్దటి నుంచి జడ్చర్లలో మా ఇంటి చుట్టూ సిమెంటు పలకల గోడ పెట్టించి ఇప్పుడే కూలబడ్డాను. నడుము పడిపోయింది. మూలన ఎవరో ఎప్పుడో పాతిన తుమ్మ గుంజ ఒకటి పీకాను. ఆ వాసన చేతులను వదలడం లేదు.

మన ఈడువాళ్లకు దడి గుర్తుందా? దేవరకొండ దగ్గర మా ఊళ్లో బాపు ఏటా ఎండాకాలం తుమ్మ గుంజలు పాతి, మధ్యలో కందికట్టె పేర్చి కట్టేవాడు. ముసురు పట్టిందంటే మా అవ్వ ఏటా దాన్ని పీకి పొయ్యిలో పెట్టేది. కట్టెలన్నీ తడిసినా, వంటింటి చూరు కింది దడి ఒక్కటే పొడిగా ఉండేది మరి.

"ఏందవ్వా, మల్ల పీకినవా? మేకలు జొచ్చి సొరతీగంత మేసినయ్!" అని బాపు అరిచేవాడు.

"మేస్తే మేసినయ్ తీ. పిల్లలకు బువ్వ ఉడకాలె గదరా," అనేది అవ్వ, పొయ్యి ఊదుతూ.

ఏటా అదే తిట్టు, అదే చాకిరీ. ఒకసారి బాపు చూరు కింద దడి కడుతుంటే, "బాపూ, గీడ ముడి వదులైంది," అన్నాను.

"ఉండనీ బిడ్డా. గట్టిగ కడితే అవ్వ చేతి ఏళ్లకు ఊడి రాదు," అన్నాడు, తలెత్తకుండానే.

ఇందాక మా ఆయన వంటింట్లోంచి, "గ్యాస్ అయిపోయిందే, ఇయ్యాల బువ్వెట్ల?" అని అడిగాడు. లేచే ఓపిక లేక కొత్త గోడ వంకే చూస్తూ కూర్చున్నాను. చాలా గట్టిగా ఉంది. ఒక్క పుల్ల రాదు.