కత్తెర పడ్డ ధావళి

మా పెద్దమ్మ పోయిందన్న కబురు తమ్ముడు తెచ్చాడు. కిషన్‌బాగ్‌లో మా అత్తగారింట్లో పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి చేతులు కాచుకుంటున్నాను. వాకిట్లో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. వాడు మఫ్లరు కూడా విప్పకుండా లోపలికొచ్చి, "అక్కా, పెద్దమ్మ పోయింది" అన్నాడు. ఎక్కడికి అని అడిగాను. గుడికి తప్ప గడప దాటని మనిషి పోయిందంటే నాకు మొదట అదే వింతగా తోచింది. వాడు గోడకు ఆనుకున్నాడు. అప్పటికి నా బుర్రకెక్కింది.

"ఎవరన్న పట్టుకొని చూసిండ్రా?" అన్నాను.

"పెద్దబాపు నొసలు మీద చెయ్యి పెట్టి చూసిండు. మిగిలినోళ్లు ఎవరు ముట్టుకుంటరక్కా, మడిల ఉండె."

చదివేవాళ్లకు నవ్వొస్తే నవ్వండి. నాకు ఆ నిమిషంలో నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. నాన్నను మేం బాపు అంటాం. బాపు అన్నగారు పెద్దబాపు, ఆయన భార్య మా పెద్దమ్మ. శాలిబండ వెనక సందులో అందరిదీ ఒకటే ఇల్లు. సందు చివర ఉన్న చిన్న గుడిలో పూజ పెద్దబాపుది, దేవుడి వంట పెద్దమ్మది. పొద్దున్నే చన్నీళ్లు పోసుకొని, ఎవరూ తాకకుండా ఆరిన చీర కట్టుకొని ఆమె వంటింట్లోకి పోయిందంటే, నైవేద్యం గుడికి వెళ్లేదాకా ఆమె జోలికి ఎవరూ పోకూడదు. ఆ చీర ఆరే దండెం ఇంటి చూరుకు దగ్గరగా, ఎవరి చెయ్యీ అందనంత ఎత్తులో ఉండేది. ఆమె కర్రతో ఆరేసి కర్రతోనే దించుకునేది. పిల్లలం పరుగెత్తుకుంటూ వస్తే గరిటె ఎత్తేది. ఆ గరిటె ఎవరికీ తగిలినట్టు గుర్తులేదు గానీ, అది లేచిందంటే మా కాళ్లు ఎక్కడివక్కడే ఆగిపోయేవి.

అంత మడి మనిషీ ఒక వెసులుబాటు ఇచ్చింది. "తాకితే తిట్ట. చెప్పకుంట తాకితే తిడుత" అనేది. చెబితే మళ్లీ నీళ్లు పోసుకుంటుంది, చెప్పకపోతే తెలియక వండేస్తుంది. అందుకే మా ఇంట్లో ఆమెను తాకాల్సి వస్తే, "పెద్దమ్మా, తాకుతున్న" అని ముందు చెప్పి, ఆమె ఊఁ అనేదాకా ఆగడం అలవాటు. ఊఁ అనడానికి ఆమె కొంచెం టైం తీసుకునేది. ఆ కాసేపట్లో చేతిలో గిన్నె కింద పెట్టుకునేదనుకుంటాను.

నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. చలికాలం తెల్లవారుజామున ఎక్కువయ్యేది. అప్పుడు నాకు చెప్పడానికి ఊపిరి ఎక్కడిది? ఆమే వంటింట్లోంచి వచ్చి, "నేనే తాకుతున్న" అని నాకు చెప్పి, వీపు రాసి, దగ్గు తగ్గాక పోయి నెత్తి మీద చెంబెడు నీళ్లు గుమ్మరించుకునేది. మళ్లీ దగ్గు వినబడితే మళ్లీ వచ్చేది. పొయ్యి మీద అన్నం మాడిందని పెద్దబాపు కేకేస్తే, దేవుడు ఈ పూట మాడుదే తింటడు అని ఆయనకే సర్దిచెప్పేది.

ఇక ఢిల్లీ సంగతి. మా రాష్ట్రం ఇంకా హైదరాబాదు రాష్ట్రంగానే ఉన్న రోజులు. నాకు పెళ్లి కాలేదు, ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం. పంతులమ్మలకు ఢిల్లీలో శిక్షణ అని, అందులో నన్ను కూడా ఎంచారని తెలిసింది. శిక్షణ అయితేనే ఉద్యోగం ఖాయమవుతుంది, లేకపోతే ఎప్పుడు తీసేస్తారో తెలియదు. మొదలయ్యేది నడి పుష్యమాసంలో. మా ఇంట్లో ఢిల్లీ చలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. అందుకని అందరూ చెప్పారు. సందు మొగదల పాలాయన అక్కడ చెంబులో నీళ్లు గడ్డకడతాయన్నాడు. బాపు దఫ్తర్‌లో ఒకాయన తాను ఢిల్లీ చూసొచ్చానని, చలి గిలి ఏమీ లేదని, గొడుగొక్కటి ఉంటే చాలని చెప్పాడు. ఆయన పోయింది ఎండాకాలంలో అని తర్వాత తేలింది. మేం ఒకరోజు పాలాయనను నమ్మి పెట్టెలో దూది రజాయి పెట్టేవాళ్లం, మర్నాడు దఫ్తర్ ఆయనను నమ్మి తీసేసేవాళ్లం.

అమ్మ తన బొంత తెచ్చింది. పెద్దబాపు గొంగడి ఇచ్చాడు. పెట్టెలో స్వెట్టర్లు, శాలువలు కుక్కితే మూత పడలేదు. ఎవరెవరు ఏమేం ఇచ్చారో, ఏది తీస్తే ఎవరికి కోపం వస్తుందో తెలియక నేను ఆ పెట్టె చుట్టూ తిరుగుతూ ఉండేదాన్ని.

బాపు బాధ వేరు. నాంపల్లిలో బండెక్కి, కాజీపేటలో దిగి, మద్రాసు నుంచి వచ్చే ఢిల్లీ బండి పట్టుకోవాలి. ఆ బండి ఎక్కువసేపు ఆగదు. కూలీ దొరుకుతాడన్న నమ్మకం లేదు. తోడొచ్చే మగవాళ్లు లేరు, నాతో వచ్చే పంతులమ్మలకు ఎవరి సామాను వాళ్లకే బరువు. ఆయాసం ఉన్న పిల్ల ఆ పెట్టె మోస్తూ ప్లాట్‌ఫారం మీద కూలబడితే ఎట్లా అని ఆయన ఫికర్. పోవద్దని అనలేక ఒక షరతు పెట్టాడు.

"నీ సామాను నువ్వే ఎత్తుకొని సందు మొగదల దాక పోయి తిరిగిరా. వస్తే పో. లేకుంటే ఈ లొల్లి ఇక్కడ్నే ఆపుదం."

నేను పాలాయన కొట్టం దాకా కూడా పోలేకపోయాను. పెట్టె దించి దాని మీదే కూర్చొని ఎగపోశాను. బాపే వచ్చి పెట్టె మోసుకొచ్చాడు. ఆయన మొహంలో కొంచెం నెమ్మది కనబడింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. రజాయి తీస్తే ఢిల్లీలో చలికి ఆయాసం, పెడితే ఇక్కడే బరువుకు ఆయాసం. ఎటూ దారి కనబడలేదు.

ఇంత జరుగుతుంటే పెద్దమ్మ ఏ పక్షం అంటారా? పోవద్దనే పక్షం. అందరికంటే గట్టిగా అన్నది ఆమే. ఆడపిల్ల ఒక్కతి అంత దూరం పోవుడేంది, ఇక్కడ బడులు లేవా అని వంటింట్లోంచే రోజూ వినబడేది. అందుకే ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక, "నాతో రా" అని ఆమె నన్ను వీధిలోకి తీసుకుపోతే, బడి పెద్ద దగ్గరికి పోయి నా పేరు కొట్టేయిస్తుందని భయపడ్డాను.

మేం పోయింది దర్జీ చాచా దుకాణానికి. ఒకప్పుడు శేర్వాణీలు కుట్టిన చెయ్యి ఆయనది. అప్పటికి శేర్వాణీలు తగ్గి, బడిపిల్లల నిక్కర్లు కుడుతున్నాడు. పెద్దమ్మ చంకలోంచి తన ధావళి తీసి బల్ల మీద పెట్టింది.

ధావళి అంటే మడికి కట్టుకునే ఉన్నిబట్ట. వానాకాలం నూలుచీర ఆరకపోతే పెద్దమ్మ అదే చుట్టుకొని వండేది. ఉన్నికి మైల లేదు, రోజూ తడపనక్కర్లేదు. ఆమె తల్లి ఇచ్చింది. కట్టీ కట్టీ గరుకు పోయి మెత్తబడి, మడిస్తే చంకలో పట్టేంత పల్చనైంది. ఒక్కటే ఉంది. దానికి సూది తగలకూడదు, కుట్టిన బట్ట మడికి పనికిరాదు.

ఈ సంగతి చాచాకూ తెలుసు. ఎంతోకాలంగా మా గుడి పక్కనే ఉన్నవాడు. లోపలికి ఒక అంగీ, ఒక పావడ కుట్టమంటే ఆయన కత్తెర తీసి బల్ల చివరకు జరిపాడు.

"నై అమ్మా. ఇది మీ పూజ బట్ట. నేను కత్తెర పెట్టను."

"నువ్వు పెట్టకు" అంది పెద్దమ్మ. కత్తెర తనే తీసుకుంది. ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకొని అంచు మీద ఒక్క గాటు పెట్టింది. వంకరగా పడింది. "ఇగ ఇది దేవునిది కాదు. పిల్లది. కొలత తీస్కో" అంది. తర్వాత నా వైపు తిరిగి "చేతులెత్తు" అంది. చాచా టేపు ఆమెకిచ్చి పక్కకు జరిగాడు. కొలతలు ఆమే తీసింది. పోనివ్వనన్న మనిషి చేతులు నా చంకల కింద టేపు చుడుతున్నాయి.

సాయంత్రం బాపు దఫ్తర్ నుంచి వచ్చి, చాచా అప్పటికప్పుడు కుట్టిచ్చిన ఆ అంగీ చూసి అరుగు మీద కూలబడ్డాడు. "వదినా, ఇదేం పని? మొత్తం బట్ట ఇస్తే కప్పుకొని, వచ్చినంక తిరిగిచ్చేది గద."

"మొత్తం ఇస్తే నువ్వు ఇయ్యాల్నే తిరిగిచ్చేటోనివి" అంది పెద్దమ్మ. "కత్తెర పడ్డది. ఇగ పిల్ల పోకుంటే నా ధావళి ఉత్తగ పోయినట్టు. పంపుతవో, ఉత్తగ చేస్తవో నీ ఇష్టం."

బాపు చాలాసేపు ఆ అంగీని అటూ ఇటూ తిప్పి చూశాడు. షరతు మాత్రం వదల్లేదు. మర్నాడు నేను ధావళి అంగీ, పావడ లోపల తొడుక్కొని, మీద చీర కట్టి, స్వెట్టరు వేసుకొని నడిచాను. చేతిలో చిన్న పెట్టె, భుజాన పక్కబట్టలు చుట్టిన పల్చటి బిస్తరు. రజాయి, బొంత, గొంగడి అన్నీ ఇంట్లోనే. "చలి మందం చూడది, సందు చూస్తది. మెడకాడ సందియ్యకు" అని పెద్దమ్మ మిగిలిన పీలిక మెడకు చుట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అంత ఉన్ని తొడుక్కొని పోతుంటే పాలాయన కొట్టంలో ఉన్నవాళ్లంతా బయటికొచ్చి నవ్వారు. చెమట కారిపోయింది. మొగదల దాకా పోయి తిరిగొచ్చాను. ఊపిరి ఆడింది. బాపు నా వీపు మీద చెవి పెట్టి విని, "పో బిడ్డా" అన్నాడు.

అంత తేలిక చేసిన మనిషి, తీరా బయల్దేరే రోజు రజాయంత బరువున్న చింతకాయ తొక్కు జాడీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇదెందుకని బాపు నెత్తి కొట్టుకున్నాడు. అక్కడ ఏం తింటది మరి అని ఆమె వాదన. నేను ఆ జాడీని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చంకనెత్తుకొని కాజీపేటలో బండి మారాను. కూలీ దొరకలేదు. పెట్టె, బిస్తరు, జాడీ, నేను, నలుగురం ఎక్కాం. ఢిల్లీలో చలి పాలాయన చెప్పినంత కాకపోయినా గట్టిదే. ధావళి ఒళ్లంతా దురద పెట్టింది, వెచ్చగానూ ఉంచింది. రాత్రీ పగలూ అదే. అక్కడ ఎన్నిసార్లు వణికినా ఆయాసంతో మంచం మాత్రం పట్టలేదు.

శిక్షణ అయి, ఉద్యోగం ఖాయమై తిరిగొచ్చాక పెద్దమ్మ సంతోషించిందా అంటే, నాకు ఇప్పటికీ తెలియదు. పంపుడు తప్పాయె, పిల్ల చిక్కిపోయింది అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ మాట నేను వినేలాగే చెప్పింది. ఢిల్లీలో కొన్న ఉన్ని శాలువ, కుట్టులేనిది, ధావళికి బదులు ఉంటుందని ఇస్తే, "ఇది చలిబట్ట, ధావళి గాదు" అని పెద్దబాపుకు ఇచ్చేసింది. తేడా ఏమిటని అడిగితే, తేడా ఉంది అని ఊరుకుంది. ఆ ఏడు నుంచి వానాకాలం తడిచీరతోనే వండింది. చలికాలం మబ్బు పట్టిన రోజుల్లోనూ అంతే. ఇంకో ధావళి కొందామంటే ఇప్పుడెందుకు అనేది. ఆమె నన్ను పంపాలనుకుందా, పంపకూడదనుకుందా? పంపాలనుకుంటే రోజూ ఆ తిట్లెందుకు? వద్దనుకుంటే ఆ గాటెందుకు? పక్కన కూర్చొని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నైవేద్యం అయ్యాక అడుగుదాంలే అనుకునేదాన్ని. నైవేద్యం అయ్యాక ఇంకేదో పని పడేది.

తడిచీరలకూ ఆమె పోవడానికీ ఏమైనా సంబంధం ఉందా అని తర్వాత డాక్టరును అడిగాను. గుండె ఆగింది, చీరకేం సంబంధం అని ఆయన నన్ను వింతగా చూశాడు. నాకు మనసు కుదుటపడలేదు.

కబురందిన ఆ పొద్దున శాలిబండలో రిక్షా దిగి లోపలికి పోయేసరికి ఆడవాళ్లంతా వంటింటి గడప ఇవతలే నిలబడి ఉన్నారు. పెద్దమ్మ పీట మీద గోడకు ఆనుకొని కూర్చున్నట్టే ఉంది. అన్నం గిన్నె మీద మూత పెట్టి ఉంది. బయటికి తేవాలి, స్నానం చేయించాలి, ఎవరూ కదలడం లేదు. ఎవరన్న మడిల ఉన్నరా అని ఒకామె మెల్లగా అడిగింది. అడిగి, ఏం అడిగానా అన్నట్టు తనే తల దించుకుంది.

నా జాకెట్టు లోపల ధావళి అంగీ ఉంది. చలికాలం అది లేకుండా నాకు గడవదు. ఉన్నికి మైల లేదని చెప్పింది ఆమే. కత్తెర పడితే మడికి పనికిరాదని చెప్పిందీ ఆమే. నేను ఏ లెక్కలోకి వస్తానో చెప్పాల్సిన మనిషి పీట మీద కళ్లు మూసుకొని ఉంది. గడప దాటి పోయి పక్కన కూర్చున్నాను. చెయ్యి చాచాను గానీ అది ఆమె దాకా పోలేదు.

"పెద్దమ్మా, తాకుతున్న" అన్నాను.

అని, అలవాటు కొద్దీ ఆగాను. వెనక ఆడవాళ్లు కూడా ఆగారు. వాకిట్లో, రేపటి మడికని ఆమె కర్రతో దండెం మీద ఆరేసుకున్న చీర అంచు నుంచి నీళ్లు ఇంకా చుక్క చుక్కగా పడుతున్నాయి.