రాజవ్వ పడవాట

కోరుట్లలో రాజవ్వతో పని ఉన్నవాళ్లు పొద్దున్నే పోతారు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆమె సముద్రం మీద ఉంటుందని వాడకట్టందరికీ తెలుసు. బీడీల చాట పక్కకు జరిపి, ఒళ్లో పడ్డ తునికాకు ముక్కలు దులుపుకొని, టీవీ ముందు కూర్చుందంటే ఇక ఆ మనిషి మన మాట వినదు. చేతిలో రెండు కొమ్ముల రిమోటు. తెర మీద ఒక చిన్న పడవ. ఈ దీవిలో సరుకెత్తుకొని ఆ దీవిలో దింపాలి, తుఫాను వస్తే తప్పించుకోవాలి. ఆటకు ఏదో ఇంగ్లీషు పేరుంది. వాడకట్టు మాత్రం దాన్ని పడవాట అనే అంటుంది.

ఆ ఆటను తెచ్చింది ఆమె మగడు బుచ్చన్న. అతనిది గీత పని చేసే ఇల్లు. తండ్రి మోకు భుజాన వేసుకొని తాటిచెట్లు ఎక్కాడు గానీ, కొడుక్కి నాలుగు నిలువుల ఎత్తు పోయేసరికే కళ్లు తిరిగేవి. అలాంటివాడు దుబాయి పోయి, మబ్బుల్లోకి లేచే కట్టడాల మీద ఇనుప సలాకలు కట్టే పనిలో కుదిరాడు. "తాడిచెట్టెక్కనోడు ఆడ గంత మీద ఎట్ల నిలవడ్తున్నడో" అని ఊరంతా నవ్వుకుంది. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు అందరిలా కంబళ్లూ సెంటుబుడ్లూ తెచ్చి, వాటి కింద ఈ ఆట డబ్బా కూడా పెట్టుకొచ్చాడు.

"గిదేంది?" అని అడిగింది రాజవ్వ.

"బిడ్డకు. ఆడ పెద్దోళ్ల పిల్లలందరు గిదే ఆడుతరు."

బిడ్డ నవ్యకు అప్పటికి పాకడం కూడా సరిగా రాదు. బుచ్చన్న సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. డబ్బా అటక ఎక్కింది. వానాకాలం ముసురు పట్టి, ఆకు మెత్తబడి, బీడీ చుట్టడం కుదరని రోజుల్లో రాజవ్వకు ఊరికే కూర్చోవడం చేతకాక దాన్ని దించి టీవీకి తగిలించింది. మొదట్లో పడవ ఒడ్డుకే గుద్దుకునేది. ముసురు విడిచేసరికి ఆమె మూడు దీవులు దాటింది. ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఎండలు ముదిరినా, ఆట పెట్టె చెడిపోయి జగిత్యాలలో సామేలు మెకానిక్కు దగ్గర పడి ఉన్నా, బాగయి వచ్చిన రోజే ఆమె మళ్లీ సముద్రంలో ఉండేది.

ఆ సముద్రంలో ఒక చిక్కుంది. చివరి దీవి దాటి ఉత్తరానికి పోతే పొగమంచు కమ్ముకుంటుంది. మంచు వెనక ఒక దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. అటు ఎంత నడిపినా పడవ దానంతటదే వెనక్కి తిరుగుతుంది. రాజవ్వ ఎన్నో తీర్ల ప్రయత్నించి, ఆఖరికి ఆట డబ్బా పట్టుకొని పక్కింటి ఏసయ్య సారు దగ్గరికి పోయింది. ఆయన బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. డబ్బా వెనక ఒక మూలన అచ్చయిన బొమ్మ చూసి, కింద రాసింది చదివాడు.

"గా దీపం దీవికి పోవాల్నంటె ఇంకో డిస్కు కావాలె రాజవ్వా. ఇది దానికి ముందటి భాగమన్నట్టు. మిగతాది జల్ది విడుదల చేస్తరట."

ఆ రోజుల్లో ఫోను భారం. గల్ఫు ఇళ్ల మాటలన్నీ టేపు కేసెట్లలో నింపి, సెలవు మీద వచ్చీపోయేవాళ్ల చేతికిచ్చి పంపుకునేవారు. అత్త బాగోగులు, నవ్య నడక, కల్లు మండువ ముచ్చట్లు అన్నీ చెప్పాక, కేసెట్టు చివర రాజవ్వ గొంతు తగ్గించి చెప్పింది: "ఈసారి నాకు చీరలు వద్దు. గా పడవాట రెండో డిస్కు తే."

బుచ్చన్న శుక్రవారాలు బజారుకు పోయి అడిగాడు. ఇంకా రాలేదన్నారు. మళ్లీ పోతే మళ్లీ అదే మాట. చివరికి దుకాణం నడిపే మలయాళీ అసలు సంగతి చెప్పాడు. కంపెనీ ఆ పని మధ్యలోనే ఆపేసింది, రెండో భాగం ఇక రాదు. బుచ్చన్న అదే మాట కేసెట్టులో నింపి పంపితే రాజవ్వ నమ్మలేదు. "డబ్బా మీద అచ్చేసినంక ఎట్ల రాదు? తేవుడు ఇష్టం లేదని చెప్పరాదా?" అని బదులు పంపి, ఆ తర్వాత రెండు కేసెట్లలో అత్తకూ నవ్యకూ మాత్రమే చోటిచ్చింది.

అప్పుడు బుచ్చన్న ఏం చేశాడంటే, టేపురికార్డరు చంకన పెట్టుకొని ఆ దుకాణానికే పోయాడు. పెగడపల్లి మనిషి ఒకడు తెచ్చిచ్చిన ఆ కేసెట్టును రాజవ్వ వంటింట్లో కూర్చొని విన్నది. మగని గొంతు ఆగి, ఎవరో కొత్త మనిషి గొంతు సవరించుకున్నాడు.

"భాభీ, సలామ్. కంపెనీవాలే కామ్ బంద్ కర్ దియే. భయ్యా హర్ హఫ్తా ఆకే పూఛ్‌తే. ఉన్‌కా కోయీ గల్తీ నహీ."

వెనక బుచ్చన్న గొంతు సన్నగా వినబడింది: "గట్ల కాదు సేటూ, ఇంక జర గట్టిగ చెప్పు."

కోరుట్లలో పెరిగిన మనిషికి ఆ మాత్రం ఉర్దూ రాకపోదు. కంపెనీవాళ్లు పని ఆపేశారు, అన్న వారం వారం వచ్చి అడుగుతున్నాడు, అతని తప్పేమీ లేదు అంటున్నాడు ఆ మలయాళీ. రాజవ్వ నవ్వు పట్టలేక పొయ్యి మీది పాలు పొంగించింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎక్కడో ఎండలో సలాకలు కట్టే మనిషి తన అలక తీర్చడానికి ముక్కూమొహం తెలియని మనిషిని బతిమాలాడు. ఆమె ఆ కేసెట్టు మళ్లీ మళ్లీ విన్నది. దీవి సంగతి ఇక ఎత్తలేదు.

నవ్య పెరిగింది, చదివింది, సిరిసిల్లలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అయింది, అక్కడే కాపురం పెట్టింది. కరోనా వచ్చిన ఏడు బుచ్చన్న దుబాయి విడిచి ఇంటికి వచ్చాడు. మళ్లీ పోలేదు.

మగడు ఇల్లు చేరాడు, ఇంకేం కావాలి అన్నారు అందరూ. కానీ ఆ మొగుడూ పెళ్లాలు కేసెట్లలో, ఫోన్లలో కాపురం చేసినవాళ్లు. ఒక ఇంట్లో పగలంతా ఎదురెదురుగా ఉండటం ఇద్దరికీ కొత్త. ఫోనులో అంతేసి మాట్లాడే బుచ్చన్న ఇంట్లో మూగవాడయ్యాడు. అరుగు మీద కూర్చుంటాడు, లేస్తాడు, నల్లా సరిచేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. రాజవ్వ ఒకరోజు రిమోటు అతని చేతిలో పెట్టింది. పడవను బండకేసి కొట్టి, "నాతోని కాదు" అని ఇచ్చేశాడు. అయినా మధ్యాహ్నం ఆమె పక్కనే కూర్చొని చూసేవాడు.

పోయిన చలికాలం నవ్య ఫోను చేసింది. "అమ్మా, నీ పడవాట రెండో భాగం దొరికింది. పూర్తి చెయ్యలేదట. అప్పట్ల ఆ కంపెనీల పనిచేసినాయన దాసిపెట్టుకున్నదాన్ని ఇప్పుడు ఇంటర్నెట్ల పెట్టిండు. బాపును తీస్కొని రా."

జగిత్యాలలో బస్సు మారి, ఇద్దరూ సిరిసిల్ల చేరారు. నవ్య తన ల్యాప్‌టాపును టీవీకి తగిలించి, తల్లికి అలవాటైన తీరు రిమోటే కొని ఉంచింది. రాజవ్వ పడవను తిన్నగా ఉత్తరానికి పట్టింది. మంచు కమ్ముకుంది. ఆమె వేళ్లు పడవ తిరుగుతుందనే ఎదురుచూశాయి. తిరగలేదు. మంచు తేలిపోయి దీవి కనబడింది.

ఒడ్డు ఉంది, ఇసుక ఉంది. ఊరు సగమే ఉంది. ఇళ్లకు గోడలున్నాయి, కప్పుల్లేవు. మనుషులు నిలబడ్డారు, దగ్గరికి పోతే మాట్లాడరు. దీపం ఉన్న బురుజుకు మెట్లు లేవు. బురుజు వెనక సముద్రం కత్తిరించినట్టు ఆగిపోయి, అవతల ఉత్త తెలుపు. అలల చప్పుడు కూడా లేదు.

"అయ్యో, గిదేనా" అంది నవ్య.

రాజవ్వ ఏదో అనబోయి పక్కకు చూసింది. బుచ్చన్న తెర దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"స్తంభాలు లేపిండ్లు, స్లాబు వెయ్యలే" అన్నాడు. "నడిమిట్ల బంద్ పెడితే గిట్లనే ఉంటది. మాది గూడ గట్లనే ఆగింది."

"మీది ఏంది?" అని అడిగింది రాజవ్వ.

"టవరు. నువ్వు నవ్యను హాస్టల్ల చేర్పిచ్చిన ఏడు. పొద్దున పనికి పోతే గేటుకు తాళముంది. కంపెనీ ఎత్తిపోయిందన్నరు. నేను కట్టిన సలాకలు గట్లనే ఆకాశంలకు చూసుకుంట నిలవడ్డయి. క్యాంపుల చానా రోజులు పని లేకుంట ఉన్న. గురుద్వారాల పుణ్యానికి పెట్టే బువ్వ తిన్న. పొద్దుగూకంగ పోయి గా టవరును చూసి అస్తుంటి. ఎందుకు పోదునో నాకే తెల్వదు."

"ఫోన్ల పని మంచిగ నడుస్తుంది అంటివి గద."

"అన్న. చెప్తే నువ్వు ఆడ బువ్వ తినకపోదువు."

రాజవ్వ రిమోటు కింద పెట్టింది. అతని చెయ్యి తీసుకొని తన ఒళ్లో పెట్టుకుంది. బిడ్డ ముందు ఆమె అలా చేయడం అదే మొదలు. సలాకలు ఒరిసి కాయలు కాచిన ఆ చేతిని నిమురుతూ, "ఇంకేం చెప్పలే నాకు?" అని అడిగింది.

ఆ సాయంత్రం బుచ్చన్న చెప్పాడు. మరునాడు తిరుగు బస్సులో చెప్పాడు. ఎత్తంటే వణికేవాడు మొదటిరోజు కళ్లు మూసుకొని సలాక కట్టిన సంగతి, తోటి పనివాడు ముస్తాబాద్ లచ్చయ్య ఇతని నడుముకు తాడు కట్టి పట్టుకున్న సంగతి, అన్నీ. కొండగట్టు దారి ఎప్పుడు దాటారో రాజవ్వకు గుర్తులేదు.

ఆ దీవి ఆటను నవ్య కోరుట్లకు కూడా పంపుతానంది. రాజవ్వ వద్దంది. "మాట్లాడని మనుషుల ఊరికి సరుకేం తీస్కపోను?"

పాత సముద్రంలోనే ఇప్పటికీ ఆమె పడవ తిరుగుతోంది. పక్కన బుచ్చన్న కూర్చొని దుబాయి ముచ్చట్లు చెబుతాడు. ముచ్చట పెద్దదయినప్పుడు రాజవ్వ పడవను నడిసముద్రంలో ఆపి, రిమోటు పక్కకు పెట్టి, అతని వైపు తిరిగి కూర్చుంటుంది.