జామచెట్టు దాకా చెక్క అరుగు

చిక్కడపల్లిలో ఇంటి వెనక కాస్త ఖాళీ ఉంటే జనం దాన్ని పెరడు అనుకోరు, ఇంకా కట్టని గది అనుకుంటారు. మా వారూ అంతే. పక్కనే అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు గది కట్టి కిరాయికి ఇద్దామని మా పెరటి మీద కన్నేసి ఉంచారు. అక్కడున్నది ఒక కుళాయి, అత్తమ్మ చేత్తో నాటిన జామచెట్టు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె వంటింటి వెనక మెట్లు దిగలేకపోయింది. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని చెట్టును చూస్తూ, కాయలు కొరికి పడేసే చిలకలను తిడుతూ కూర్చునేది.

అందుకే గదీ వద్దు గిదీ వద్దు, తలుపు నుంచి చెట్టు దాకా ఇంటి నేలకు సమానంగా చెక్క అరుగు వేయిద్దామన్నాను.

"పెరట్ల చెక్కలేంది? వానకు మురుగుతయ్. ముందుగాల గీసి చూపియ్," అన్నారు మా వారు, నాకు గీయడం రాదన్న ధీమాతో.

కాగితం మీద రాదు, నిజమే. ముగ్గు వేయడం వచ్చు. మర్నాడు పొద్దున్నే ముగ్గుపిండి డబ్బాతో పెరట్లోకి దిగి, అరుగు ఎంత ఉండాలో అంతా నేల మీదే గీసేశాను. చెట్టు ఇంకా లావెక్కుతుంది కదా, మొదలు చుట్టూ పెద్ద గుండ్రం వదిలాను. కుళాయి దగ్గర మూల తగ్గించాను. వాన నీళ్లు దిగడానికి చెక్కల మధ్య ఎంత సందు కావాలో చీపురుపుల్లలు పరిచి చూపించాను. వడ్రంగి మేస్త్రి ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి చూసి, "కింద ఇనుప ఫ్రేమ్ ఏస్తం అక్కా, మంచిగ ఉంటది," అన్నాడు. మా వారు బయానా తీసి అతని చేతిలో పెట్టారు.

అయితే ముగ్గుకు పొడవూ వెడల్పూ ఉంటాయి గానీ ఎత్తుండదు. అరుగు పూర్తయిన రోజు అత్తమ్మను సంబరంగా తలుపు దాకా తెచ్చాను. ఆమె అక్కడే ఆగిపోయింది. లోపలి నేలా బయటి అరుగూ సమానమే. మధ్యలో గడప ఉంది. పసుపు రాసి బొట్లు పెట్టిన, బెత్తెడు ఎత్తు గడప. ఇన్నేళ్లుగా దాన్ని దాటుతూనే ఉన్నాం కాబట్టి అదీ ఒక మెట్టేనని ఎవరికీ తట్టలేదు. ఆమె కాలు అంత పైకి లేవదు.

"ఇద్దరం పట్టుకుని దాటిస్తాం అత్తమ్మా," అన్నాను.

"రోజూ గిట్ల ఎవరు లేపుతరు?"

"గడప తీసేద్దాం," అన్నారు మా వారు.

"లచ్చిమిని దీస్తవారా? నేను లోపల్నే ఉంట తీ."

గది కట్టి ఉంటే బాగుండేదని మా వారు పైకి అనలేదు. అని ఉంటే నాలుగు దులిపేసి తేలికపడేదాన్ని. కోపమంతా నా మీదే వచ్చింది. ఆ కోపంలోనే మిగిలిన చెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. గడపకు అటూ ఇటూ వాలుగా దిగే చిన్న వంతెన తోచింది. గడపకు ఎక్కడా తగలకూడదు. పసుపు రాసే శుక్రవారం ఎత్తి పక్కన పెట్టుకునేలా ఉండాలి. మేస్త్రి అలాగే చేసి తెచ్చాడు.

అత్తమ్మ అంత తొందరగా నమ్మే మనిషి కాదు. "గడపకు అంటలేదా? పుల్ల దూర్చి చూపియ్," అంది. గడపకూ చెక్కకూ మధ్య చీపురుపుల్లను ఈ చివర నుంచి ఆ చివరకు లాగి చూపించాను. అప్పుడు గోడ పట్టుకుని వంతెనెక్కింది, దిగింది, ఎవరి చేయీ అడగకుండా చెట్టు దాకా నడిచింది. చిలకలకు వదలకుండా ఒక దోరకాయ తెంపుకుంది.

పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి చూసి, "ఏందక్కా, బయటికొచ్చినవ్! గీ చెక్కలెవరు ఏయించిన్రు?" అని అడిగింది.

అత్తమ్మ కాయ కొరుకుతూ, "కొడుకు గది కడ్తనన్నడు. కోడలు నాకు బాటేసింది," అంది.

మా వారు నా వెనకే ఉన్నారు. తిరిగి ఆయన మొహం చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.