కడగొద్దన్నారు మా టికెట్ల సార్

"టికెట్ల సార్ టికెట్ తీస్కున్నడమ్మా."

పొద్దున్నే మా కాలనీ సంఘం పెద్దమనిషి ఫోన్ చేసి నాతో అన్న మాట ఇది. అని చిన్నగా నవ్వాడు కూడా. తన చమత్కారం తనకే నచ్చినట్టుంది. నేను అప్పుడే దుకాణం షట్టర్ ఎత్తుతున్నాను. ఏడవాలో తిట్టాలో తేల్చుకునేలోపే రెండో మాట వచ్చింది.

"అవుగనీ, ఆ టికెట్లు కోట్లు చేస్తయంట గదా? ఎవలకు రాసిండు?"

ఫోన్ పెట్టేశాను. పెట్టకపోతే నా నోటి నుంచి ఏం వచ్చేదో నాకే తెలియదు. మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, కాళ్ళ బొటనవేళ్ళు కూడా కట్టలేదు, అప్పుడే కోట్ల లెక్క! ఆ రోజు మొదలైన మంట ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే ఆయన గురించి మర్యాదగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటానేమోనని మండుతుండగానే రాస్తున్నాను. చదివేవాళ్ళు మన్నించాలి.

సార్ మా పక్కింటాయన. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, పటాన్‌చెరు వైపు ఒక పెద్ద కార్ఖానాలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసి, రిటైరయ్యాక పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. మాది సంగారెడ్డి బజారులో విత్తనాల దుకాణం. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత అమెరికా తపాలా బిళ్ళలు. పాతవంటే మన తాతల కాలానివి కూడా కావు, వాళ్ళ తాతల కాలానివి. మా దిక్కు పెద్దవాళ్ళు తపాలా బిళ్ళను టికెట్ అనే అంటారు. అట్లా ఆయన టికెట్ల సార్ అయ్యారు.

ఆ పేరుతో తిప్పలు కూడా పడ్డారు. ఒకసారి ఎన్నికల ముందు హత్నూర నుంచి ఒకాయన పండ్ల బుట్ట పట్టుకుని వచ్చాడు. "సార్, జెర మా బామ్మర్దికి టికెట్ ఇప్పియ్యుండ్రి. పైన మీకు బాగ పలుకుబడి ఉన్నదంట" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సార్ నవ్వలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించి, లోపలి నుంచి ఆల్బం తెచ్చి, బట్టతల దొర బొమ్మొకటి, జుట్టు వెనక్కి కట్టుకున్న దొర బొమ్మొకటి చూపించి, "నా దగ్గర ఉన్నవి ఈ టికెట్లేనండి. ఈ రెండో ఆయన వాళ్ళ దేశానికి మొదటి ప్రెసిడెంటు. మీ బావమరిదికి ఈయన సరిపోతాడా?" అన్నారు. ఆంటీ, అంటే సార్ భార్య, వంటింట్లో నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వడం గోడ ఇవతల నాకు వినిపించింది. పండ్ల బుట్ట మాత్రం ఆయన తిరిగి పట్టుకెళ్ళాడు.

నాకూ సార్‌కూ పరిచయం మా మామగారి పాత కాగితాల వల్ల అయింది. మామగారు దుకాణానికి వచ్చిన ప్రతి కవరునూ ఇనుప కడ్డీకి గుచ్చి అటక మీద పెట్టేవారు. ఆయన పోయాక అవన్నీ చిత్తుకాగితాలవాడికి వేయబోతుంటే సార్ గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, ఒక్కసారి చూసిస్తాను, ఏమీ అనుకోకు" అన్నారు. వాటిలో నిజాం కాలపు బిళ్ళలున్నాయి. వాటిలో కొన్నిటిని విదేశంలో ఉన్న ఒక సేకర్తకు పంపి, బదులుగా తెప్పించుకున్న బిళ్ళను పరుగున తెచ్చి నాకు చూపించారు. రైలింజను బొమ్మ. ఇంత చిన్న కాగితం ముక్కలో ఇంజను పొగ కూడా కనిపిస్తోంది.

"మీ మామగారి కవరు అక్కడిదాకా వెళ్ళి ఈ బండిని పంపించిందమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూశాక వాళ్ళింట్లో ఆ బిళ్ళల ముందు కూర్చోవడం నాకు అలవాటైంది. చేత్తో ముట్టుకోనిచ్చేవారు కాదు. చిన్న పట్టకారు ఇచ్చేవారు. నేను దొర ముఖం చూసి, "ఎంత బాగుంది సార్! గీ నల్ల మరక లేకుంటే ఇంకా మంచిగుండేది" అన్నాను మొదట్లో. ఆయన ముఖం మాడిపోయింది.

"మరక కాదమ్మా, ముద్ర. మరక అనకు."

తరువాత నింపాదిగా చెప్పారు. ఆ కాలంలో అక్కడ చాలా చిన్న ఊళ్ళ పోస్టుమాస్టర్లు సీసా బిరడాను కత్తితో చెక్కి ముద్ర తయారు చేసుకునేవారట. ఒకడు నక్షత్రం చెక్కితే ఒకడు ఆకు చెక్కాడు, ఒకడు పుర్రె చెక్కాడు. సార్ ఉద్యోగం కూడా ముద్ర వేయడమే. కొలతలన్నీ చూసి, ఇనుప ముక్క మీద తన నంబరు పంచ్ కొడితేనే అది గేటు దాటాలి. "నాకు కార్ఖానా ఒట్టి నంబరు ఇచ్చిందమ్మా. వీళ్ళు చూడు, ఎవడి బొమ్మ వాడు చెక్కుకున్నాడు!" అని నిజంగానే కుళ్ళుకునేవారు. ఆయనకు బిళ్ళ కన్నా ముద్రే ముద్దు.

బిళ్ళకు విలువ కట్టడం కూడా నాకు ఆయనే నేర్పారు. ఎవరైనా దొర బొమ్మ చూసి లొట్టలు వేస్తుంటే, "ముందు వెనక్కి తిప్పు. ముఖం అందరిదీ బాగానే ఉంటుంది" అనేవారు. రైలింజను బొమ్మను వెనక్కి తిప్పి కిటికీ ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే, సూది మొనలతో ఒత్తినట్టు చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. గ్రిల్ అంటారు దాన్ని. ఆ గళ్ళు ఎందుకో తెలుసా? జనం ముద్రను కడిగేసి బిళ్ళను మళ్ళీ వాడుతున్నారేమోనని అక్కడి తపాలా వాళ్ళకు అనుమానం వచ్చిందట. కాగితాన్ని అట్లా ఒత్తితే సిరా లోపలికి ఇంకిపోతుంది, ఎంత కడిగినా పోదు. "కడిగేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారమ్మా" అని సార్ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఒకసారి పట్నం నుంచి ఒక సేకర్త ఆయన దగ్గర ఒక బిళ్ళ కొనడానికి వచ్చాడు. బేరం కుదిరింది. అప్పుడు సార్ ఉండబట్టలేక, "ఈ పక్క అంచు చూశారా? ఎవరో కత్తిరించి మళ్ళీ రంపపు పళ్ళు పెట్టారు. మీరు చెప్పిన ధర దీనికి రాదు" అన్నారు. ఆంటీ నెత్తి కొట్టుకుంది. "మీ బిళ్ళకు మీరే వంక పెడితే ఎట్లాగండీ!" అంది. "వంక నేను పెట్టలేదు, ఉంది" అన్నారాయన.

ఇన్ని ఉన్నా, ఆయనకు ప్రాణం మాత్రం ఒక కవరు మీద ఉండేది. ఆబిడ్స్ ఆదివారం బజారులో ఏదో పాత పుస్తకం మధ్యలో దొరికిందట. గోధుమరంగు కవరు, కుడి మూలన ఇటుక రంగులో అదే ప్రెసిడెంటు బొమ్మ, మూడు సెంట్లది. ఆ బిళ్ళ ఎక్కడపడితే అక్కడ దొరుకుతుందట, పెద్ద ధర రాదట. కానీ ఆ ఊళ్ళో ముద్రే లేదు. పోస్టుమాస్టరు కలంతో ఊరి పేరును బిళ్ళ మీదుగా అడ్డంగా రాసి పడేశాడు. మొదటి అక్షరం ఎస్, బిళ్ళకు ఎడమ పక్కన కవరు మీదే ఉంది. మధ్య అక్షరాలన్నీ దొర ముఖం మీద. చివరి వై తోక బిళ్ళ కింది అంచు దాటి మళ్ళీ కవరు మీదికి దిగింది.

ఆ మధ్య అక్షరాల మీద మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి తగువు. ఆయన రెండు టీలు అనేవారు, నేను రెండు ఎల్‌లు అనేదాన్ని. భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునేవాళ్ళం. విసుగొచ్చినప్పుడు ఆయనే, "ఎస్‌తో మొదలై వైతో ఆగింది. ఇంకేముందమ్మా, మన సంగారెడ్డే!" అనేవారు. "నడుమ అక్షరాలు ఒప్పుకోవు సార్" అనేదాన్ని. "అవును, అవే అడ్డం" అని మళ్ళీ భూతద్దం తీసేవారు.

మంచం పట్టాక మమ్మల్ని పిలిచారు. ఆంటీ, నేను, సార్ అన్నగారి కొడుకు. ఇతను ఇక్కడే పుట్టి పెరిగినవాడు, కాజీపల్లిలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. సార్‌కు గాలి సరిగ్గా ఆడటం లేదు. అయినా ఒక్కో మాటా తూచినట్టు చెప్పారు.

"అమ్ముకోండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ కడగొద్దు. ఆ కవరు నుంచి బిళ్ళ విడదీయొద్దు."

ముగ్గురం తలూపాం. అతను అందరికన్నా ముందు ఊపాడు. నేను చూశాను.

సార్ పోయాక మైల తీరే రోజున ఇల్లంతా కడుగుతున్నారు. నేను వంట సాయానికి వెళ్ళాను. పెరట్లో అడుగుపెట్టి అక్కడే నిలిచిపోయాను. తెల్లటి తుండు పరిచి, దాని మీద వడియాలు పెట్టినట్టు వరసలు వరసలుగా బిళ్ళలు! పక్కన స్టీలు బేసిన్‌లో నీళ్ళు, ఒక చిన్న సీసా, ఇస్త్రీపెట్టె. ఆ అబ్బాయి పీట వేసుకుని కూర్చుని బ్రష్‌తో దొర ముఖం తోముతున్నాడు.

"ఏం చేస్తున్నవ్రా!" అని అరిచాను.

"ఏందాంటీ, గట్ల మొత్తుకుంటున్నరు? మరకలు తీస్తున్న. మా కంపెనీల మందు, ఒక్క సుక్కేస్తే ఎంత పాత సిరా అయినా మాయం. ముడతలున్నయని ఇస్త్రీ గిట్ల చేసిన. సూడుండ్రి, కొత్తవాటి లెక్క ఉన్నయ్. ఇగ రేటే రేటు."

"కడగొద్దని సార్ నీ ముంగటనే చెప్పలేదా? నీ చేతులిరగ!"

"పెద్దాయన ఏదో చాదస్తంతోని చెప్పిండు. ఇంట్ల అన్నీ కడుగుతున్నం గద, ఇవెందుకు ఉంచాలె? పిన్నే చెప్పింది, గదిలున్నవన్నీ కడగమని."

ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. ఆ మాట ఆవిడ అన్నది పక్క దుప్పట్ల గురించి. తుండు వైపు చూసి, నా వైపు చూసింది. "ఏమండీ" అని ఒక్కసారి పిలిచింది, లోపల ఆయన ఉన్నట్టే. ఇక ఆవిడను నేను ఏమంటాను?

రైలింజను బిళ్ళను వెనక్కి తిప్పి ఎండకు పట్టాను. గళ్ళు లేవు. ఇస్త్రీపెట్టె కింద అణిగి నున్నగా అయిపోయింది. కడిగేవాళ్ళను ఆపడానికి ఎవరో దొరలు అంత దూరాన, అంత కాలం కింద పడిన తంటాలు మన పోతిరెడ్డిపల్లిలో ఒక ఇస్త్రీపెట్టె ముందు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. గోధుమరంగు కవరు కోసం వెతికాను. చెత్తబుట్టలో, కొబ్బరి పీచు కింద, తడిసి దొరికింది. మూలన బిళ్ళ లేదు.

తరువాత పట్నం నుంచి విలువ కట్టే మనిషి వచ్చాడు. పట్టకారుతో ఒకటి ఎత్తి, దీపం కింద పెట్టి, "కడిగారా?" అని అడిగాడు. ఇంకొకటి ఎత్తాడు. ఇంకొకటి. ఆ పైన చూడటం మానేసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆంటీతో "ఆయన నాకు తెలుసమ్మా" అని మాత్రం అని, ధర మాటెత్తకుండా వెళ్ళిపోయాడు. మా కాలనీ పెద్దమనిషి మరునాడు ఎదురుపడి, "అన్నీ నకిలీయంట గదమ్మా? నాకు అప్పుడే డౌటొచ్చింది" అన్నాడు. తన బిళ్ళకు తానే వంక చెప్పి ధర తగ్గించుకున్న మనిషిని పట్టుకుని నకిలీ అంటాడా! నడిబజారులో నిలబెట్టి కడిగేశాను. కడగాల్సింది అట్లాంటి వాళ్ళను, బిళ్ళలను కాదు. సార్‌కు కాలనీ సంఘం పెట్టబోయే సంతాప సభలో మాట్లాడేవాళ్ళ పట్టికలోంచి నా పేరు తీసేశారట. తీసేయనీ.

నిన్న ఆ అబ్బాయి వచ్చి, చూపు ఎటో పెట్టి, ఒక బిళ్ళ నా గల్లాపెట్టె మీద పెట్టాడు. "దీనికి రేటు రాలేదాంటీ. మీకు ఇష్టమన్నరు గదా, ఉంచుకోండ్రి" అన్నాడు. అతను వెళ్ళాక, ఆరబెట్టి దాచిన కవరు తీసి, పట్టకారుతో బిళ్ళను దాని చోట పెట్టి చూశాను. చక్కగా సరిపోయింది. దొర ముఖం మీద ఒక్క గీత లేదు. ఎడమ పక్కన ఎస్, కింద వై తోక. నడుమ ఏమీ లేదు.

ఇప్పుడది సంగారెడ్డే సార్. కాదనడానికి ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.