పటం మీద బాపు వేలు ఆగని చోటు

మా చిన్నప్పుడు... పోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు పాల్మాకులలో మా ఇంటి మిద్దె మీద విస్తరాకు ముందు కూర్చుని ఆకాశానికి దండాలు పెట్టేదాన్ని. దేవుడి కోసం కాదు... విమానాలు రావొద్దని!

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన ఏడాదే మా అమ్మ పోయింది. పోయినవాళ్లు పెత్రమాసకు కాకి రూపంలో వచ్చి తినిపోతారని నాయినమ్మ చెప్పేది. తాతకు ఒక ఆకు, అమ్మకు ఒక ఆకు వేసేవాళ్లం. అమ్మ ఆకులో పచ్చిపులుసు తప్పకుండా ఉండాలి, అదంటే ఆమెకు ప్రాణం. తీరా కాకి వచ్చి వాలేసరికి మిద్దె మీంచి విమానం మోత... కాకి లేచిపోయేది. అమ్మ ఆకలితోనే వెళ్లిపోయిందని నేను ముక్కు చీదుకుంటూ ఏడ్చేదాన్ని. విమానం ఎక్కినవాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని కూడా...

నా ఐదో తరగతి అయిపోయిన ఎండాకాలం, ఊరివాళ్లు కొందరు బద్రీనాథ్ యాత్రకు బయలుదేరారు. వాళ్లతో నాయినమ్మ, ఆమెకు తోడుగా ఆమె కొడుకు, మా బాపు.

"ఆడ బ్రహ్మకపాలం అని ఉంటది బిడ్డా," నాకు జడ వేస్తూ చెప్పింది నాయినమ్మ. "శివుని చేతికి అంటుకున్న బ్రహ్మ తలకాయ ఆడనే ఊడిపడ్డదట. ఆడ పిండం పెడితే ఇగ ఏటేటా పెట్టే పని లేదు. ముక్తి దొరుకుతది. మళ్ల ఈడికి రారు."

మళ్ల ఈడికి రారు... ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. తాత సంగతి సరే, ఆయన్ను నేను చూడనే లేదు. కానీ అమ్మ?

బయలుదేరే రోజు బాపు చొక్కా పట్టుకుని వేలాడాను. "బాపు, అమ్మకు ఆడ పెట్టకు. ఆడ మస్తు మంచు పడుతదట. సలికాలం గుడి గూడ మూస్తరట. అమ్మకు సలి పడది కదా!"

నిజంగానే పడదు. చలికాలం వచ్చిందంటే అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచేది కాదు.

"నీకేం తేవాలె చెప్పు బిడ్డా," అన్నాడు బాపు నా తల నిమురుతూ.

వాళ్లు వచ్చేదాకా నేను బుద్వేల్‌లో మేనత్త ఇంట్లో ఉన్నాను. కళ్లు మూస్తే చాలు... అమ్మ చెప్పుల్లేకుండా మంచులో నడుస్తూ కనిపించేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు.

బాపు నాకోసం ఒక పటం తెచ్చాడు, చమోలీ జిల్లా పటం. దాన్ని అమ్మ ఫోటో పక్కనే గోడకు కొట్టాడు. సాయంత్రం మడికి నీళ్లు కట్టి వచ్చాక, దాని మీద వేలు పెట్టి చెప్పేవాడు.

"ఇగో, ఇది విష్ణుప్రయాగ. ధౌళిగంగ వచ్చి అలకనందల కలుస్తది, కొట్లాటకొచ్చినట్టే వస్తది. గిది జోషీమఠ్. సలికాలం బద్రీనాథుడు కొండ దిగి గీడికొస్తడు. ఈడికెల్లి తాడు మీద డబ్బాల కూసోబెట్టి ఔలీ కొండెక్కిస్తరు. గీ పక్కపొంటి పోతే పూల లోయ. శానా నడవాలె, మీ నాయినమ్మతోని అయ్యేపని కాదని పోలే."

"అన్ని పూలతో బతుకమ్మ పేరిస్తే ఎంత ఎత్తయితది బాపు?"

"మన మిద్దె దాటుతది," అని నవ్వేవాడు. ఆ తర్వాత వేలు మాణాకు వెళ్లేది. "గిది దేశానికి ఆఖరి ఊరు. ఎన్కట గీళ్లు టిబెట్ పోయి ఉప్పు, ఉన్ని తెచ్చుకునెటోళ్లట. చైనాతోని యుద్ధమైనంక తొవ్వ బందయింది. సలికాలం ఊరు ఊరంత తాళాలేసి కిందికి పోతరు."

జోషీమఠ్ నుంచి మాణాకు... మధ్యలో బద్రీనాథ్ ఉంది కదా, అక్కడ మాత్రం బాపు వేలు ఆగేది కాదు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అక్కడ అమ్మకు పెట్టావా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పడుకున్నాక ఆ తాళాలేసిన ఊరే కళ్లముందు మెదిలేది... అందులో అమ్మ ఒక్కతే.

పెత్రమాస వచ్చింది. "ఈసారి ఆకులు లేవు, అన్ని బద్రీనాథ్‌లనే అయిపోయినయి," అని చెప్పి నాయినమ్మ ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పూలు తేవడానికి వెళ్లింది. నేను మూలన కూర్చున్నాను. ఇంతలో వంటింట్లోంచి మిరపకాయలు కాల్చిన వాసన... అచ్చంగా అమ్మ పచ్చిపులుసు వాసన!

పరుగున వెళ్లి చూస్తే బాపు. ఎన్నడూ పొయ్యి దగ్గర కూర్చోని మనిషి, చింతపండు పిసుకుతున్నాడు.

మిద్దె మీద ఒక్క ఆకే వేశాడు. పూలతో వచ్చిన నాయినమ్మ అది చూసి గట్టిగా అరిచింది. "గిదేందిరా! ఆడ పెట్టొచ్చినంక మళ్ల పెడుతరా ఎవరన్న?"

బాపు ఇటు తిరగలేదు. "నాయనకు పెట్టిన అవ్వా. ఇంకెవరన్న ఉన్నరా అని పంతులు అడిగిండు, నువ్వు దూరం కూసున్నవ్. దాని పేరు నోటిదాక వచ్చింది... బయటికి రాలే. ఎవరు లేరని చెప్పిన."

నాయినమ్మ పూలబుట్ట కింద పెట్టి, తనే కావ్ కావ్‌మని పిలవడం మొదలుపెట్టింది.

కాకి వచ్చింది. వెనకాలే విమానం మోత... కాకి ఒక్కసారి తల ఎత్తింది. కానీ లేచిపోలేదు. ముద్ద పూర్తిగా తినేదాకా ఆకు వదల్లేదు.

ఇప్పుడు నాయినమ్మ లేదు. గోడ మీద చమోలీ పటం వెలిసిపోయింది. చుట్టూ అంతస్తుల మీద అంతస్తులు, పైన ఎడతెరిపి లేకుండా విమానాలు. మొన్న పెత్రమాసకు పొద్దుగూకేదాకా చూశాం... ఒక్క కాకీ రాలేదు. ఎండిపోయిన అమ్మ ఆకు ఎత్తుతూ బాపు అన్నాడు...

"తీస్కపోదాం బిడ్డా. ఇగ ఈడ అది వాలనీకి జాగ లేదు."

ఎండాకాలానికి బద్రీనాథ్‌కు టికెట్లు తీశాను. అక్కడ పంతులు అడిగితే పేరు నేనే చెప్పాలట, తన వల్ల కాదని బాపు ఇప్పుడే చేతులెత్తేశాడు. రోజూ ఒకసారి మెల్లగా అనుకుని చూస్తున్నాను... నాకూ నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

మీ మిద్దెల మీద కాకులు ఇంకా వాలుతున్నాయా? ఎవరి కోసం ఆకు వేస్తారో... ఒక్కసారి పేరు రాసి పోండి.