సాయిలు పేరున వచ్చిన సుప్రీంకోర్టు కవరు

2018 వేసవి. మోస్రా దగ్గరి ఒక ఊరికి కొత్తగా పోస్ట్‌మన్‌గా వచ్చాను. సాయిలు అనే రైతు పేరున సుప్రీంకోర్టు నుంచి రిజిస్టర్డ్ కవరు వచ్చింది. రిజిస్టర్డ్ అంటే మనిషిని చూసి, సంతకం తీసుకుని ఇవ్వాలి. రెండెకరాల చెరుకు భూమి కోసం అతను ఢిల్లీ దాకా కేసు నడుపుతున్నాడని మోస్రా పోస్టాఫీసులో చెప్పారు.

మొదటిరోజు భార్య గంగవ్వ నన్ను గుమ్మంలోనే ఆపింది. "పండుకున్నడు బిడ్డా, మెల్లగ మాట్లాడు." రెండోరోజు "తానం జేస్తున్నడు" అంది. లోపల నీళ్ల చప్పుడే లేదు. దండెం మీద మాత్రం తడి తువ్వాల ఉంది, గడప పక్కన మగవాళ్ల చెప్పులు దుమ్ము తుడిచి పెట్టి ఉన్నాయి. పక్కింటాయనను అడిగితే నా మొహం చూడకుండా, "గిప్పుడే బయటికి పోయిండు పోస్టన్నా" అన్నాడు. స్నానం చేస్తున్న మనిషి బయటికెలా పోతాడు? పట్టపగలే భయమేసి, వెనక్కి చూసుకుంటూ వచ్చేశాను.

మూడోరోజు ఒళ్లు మండింది. "తమాష జేస్తున్నవా అవ్వా? ఆయన్ను పిలువు!" అంటూ లోపలికి తొంగిచూశాను. మంచం మీద పక్క పరిచి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. కంచంలో వడ్డించిన అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. మనిషి లేడు.

గంగవ్వ నా చేతులు పట్టుకుంది. "ఆయన పోయి మూడేండ్లాయె బిడ్డా. ఊరందరికి ఎరుకే. పెద్ద కోర్టుకు మాత్రం చెప్పకు. ఆయన సచ్చిండని తెలిస్తే కేసు గూడ సస్తది. భూమి పోతది." ఆమె నుదుట బొట్టు, చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. నా భయం పోయి ఏడుపొచ్చింది.

నిజామాబాద్‌లో తెలిసిన వకీలుకు అక్కడినుంచే ఫోన్ చేసి సంగతి చెప్పి, స్పీకర్ పెట్టాను. "అయ్యో! మనిషి పోంగనే కేసు పోదు. తొంభై రోజులల్ల భార్య పేరు ఎక్కియ్యమని అడగాలె. గిట్ల దాస్తేనే పోతది! ఇగ ఆలస్యం మాఫ్ చెయ్యమని బతిమాలాలె" అన్నాడు.

గంగవ్వ అక్కడే కూలబడింది. "నేను కాపాడుతున్న అనుకున్న గదరా..."

నిబంధన ప్రకారం కవరు మీద 'అడ్రెసీ మరణించారు' అని రాసి తిప్పి పంపాను. మర్నాడు సెలవు పెట్టి ఆమెను వకీలు దగ్గరికి తీసుకెళ్లాను.

చాలా నెలలకు సుప్రీంకోర్టు నుంచి మళ్లీ కవరు వచ్చింది, ఈసారి ఆమె పేరుతోనే. ఆలస్యాన్ని మాఫీ చేశారు, కేసు నడుస్తుంది. చదివి వినిపించాను. ఢిల్లీ కోర్టును జనం దేవుణ్ణి నమ్మినట్టు నమ్ముతారు, దయ్యానికి భయపడ్డట్టు భయపడతారు. దాని మాట విడమరిచి చెప్పే మనిషి ఊళ్లో ఒక్కడైనా లేకపోతే ఇళ్లల్లో పోయినవాళ్లను ఇలాగే బతికించుకుంటూ కూర్చుంటారని నాకు అప్పుడు తెలిసింది.

గంగవ్వ కాగితం అందుకుని, గడపలోంచి లోపలికి కేకేసింది. "ఇగో, ఇన్నవా? కేసు బతికింది!"

ఇద్దరం జవాబు కోసం ఆగాం.