బసమ్మక్క పాట మీద మేం వాయించిన వాయింపు

కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు కాబట్టి రాస్తున్నాను. చిరాగ్‌పల్లి దగ్గర ఆదివారాలు జరిగే పాటల బైఠక్‌కి వాయిద్యం పట్టుకుని వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. ఈసారి నేను వెళ్లింది మక్బూల్ సాబ్ ఫోన్ చేసినందుకు. ఆయన హైవే పక్కన లారీలకు టార్పాలిన్లు కుడతారు, ఆదివారం మిషన్లు ఆపి ఆ దుకాణంలోనే హార్మోనియం తీస్తారు. "బసమ్మక్క పాడ్తనన్నది. ఐతారం జరూర్ రా" అన్నారు. బసమ్మక్కది కోహీర్ వైపు, అల్లం సాగు చేస్తుంది. ఆమె తత్వాలు వినడానికే చాలామంది వస్తారు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక పది నెలలుగా ఆమె పాడలేదు. ఇక పాడగలదో లేదో ఆమెకే తెలియదు.

నేను ఢోలక్ వాయిస్తాను. బుద్ధి గడ్డి తిని, వెంట మా ఆఫీసు కిరణ్‌ని కూడా తీసుకెళ్లాను. హైదరాబాద్ కేఫుల్లో ఎవరైనా స్టేజీ ఎక్కి వాయించగలిగే చోట్ల అతని గిటార్‌కి మంచి పేరుంది. లింగంపల్లిలో ఏడున్నరకు బస్సెక్కి పదింటికి జహీరాబాద్‌లో దిగాం. టికెట్ రెండు వందల లోపే. బస్టాండు బయట ఇడ్లీ తిని చిరాగ్‌పల్లి వైపు ఆటో ఎక్కాం. కిరణ్ చేతిలోని స్పీకరు చూసి ఆటో ఆయన, "గింత పెద్ద డబ్బ ఎందుకు సార్? ఆ దుకాణంల గట్టిగ తుమ్మినా అందరికి వినొస్తది" అన్నాడు. కిరణ్ నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గులేకుండా.

ఆ బైఠక్‌కి ఎవరైనా రావచ్చు, కానీ ఒక పద్ధతి ఉంది. కొత్తవాళ్లు మొదటి చుట్టు అయ్యేదాకా వాయిద్యం సంచిలోంచి తీయరు. చేత్తో తాళం వేస్తూ వింటారు. మక్బూల్ సాబ్ "కలువు" అన్నాకే కలుస్తారు. పాడేవాళ్లు ఆగితే అందరి చేతులూ ఆగాలి. ఇది ఎక్కడా రాసి పెట్టలేదు, అక్కడ కూర్చునేవాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. రెండున్నర గంటలు బస్సులో పక్కనే కూర్చుని కిరణ్‌కి మాత్రం చెప్పలేదు. అంత వాయించేవాడికి నేను చెప్పేదేంటని మొహమాటపడ్డాను.

పదకొండుకు బసమ్మక్క మడతపెట్టిన టార్పాలిన్ మీద కూర్చుంది. మక్బూల్ సాబ్ శ్రుతి పట్టి, "ఇంక దించాల్నా అక్కా?" అని అడిగారు. "దించు. ఇంక జర దించు" అంది. మునుపటికంటే ఎంతో కిందనుంచి ఎత్తుకుంది. గొంతు సన్నబడింది కానీ స్వరం ఎక్కడా తప్పలేదు. మక్బూల్ సాబ్ హార్మోనియం మెట్ల మీద వేళ్లు ఆనీ ఆనకుండా పెట్టి ఆమె వెనకే నడిచారు. రెండో చరణం ఎత్తుకుందో లేదో, కిరణ్ స్పీకరు పెట్టి గిటార్ మొదలుపెట్టాడు. ఆ చప్పుడులో తన పాట తనకే వినబడక ఆమె గొంతు పెంచింది. పై స్వరం దగ్గర అది చీలిపోయింది. దగ్గు వచ్చి ఆగిపోయింది. కిరణ్ ఆగలేదు. కళ్లు మూసుకుని ఇంకా రెచ్చిపోయాడు.

నేనేం చేశానో కూడా చెప్పాలి. ఆ ఖాళీ చూడలేక ఢోలక్ అందుకున్నాను. పాట తెగితే దరువుతో కప్పేయడం మాలాంటివాళ్లకు చేతుల్లో పట్టేసిన జబ్బు. ఇద్దరం కలిసి నాలుగైదు నిమిషాలు వాయించాం. మక్బూల్ సాబ్ హార్మోనియం మూసేసిన సంగతి చివర్లో చూశాను. ఎవరో ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు.

బసమ్మక్క దగ్గరికి వెళ్లి, ఇక ఎవరినీ వాయించనివ్వనని చెప్పి, మళ్లీ పాడమని బతిమాలాను. ఆమె కోపం చేసుకోలేదు. నీళ్లు తాగి, "దినాం రాదు బిడ్డా గొంతు. ఇయ్యాల వచ్చింది" అంది. చెప్పులు వేసుకుని కోహీర్ పోయే ఆటో కోసం రోడ్డు మీద నిలబడింది.

తిరుగు బస్సులో కిరణ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. "ఆమెకు కాస్త తోడుగా ఉంటుందని వాయించా. తప్పయితే నువ్వెందుకు కలిశావ్?" అన్నాడు. అతనికి పద్ధతి తెలియదు. తెలిసిన నేను చెప్పలేదు, పైగా ఆమె మౌనం మీద దరువేశాను. వాయించడం నేర్చుకోవడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఇంకా రాలేదు. కిరణ్ మీద కోపం రేపో మాపో పోతుంది, నా మీద కోపం ఎప్పటికి పోతుందో తెలియదు.

వెళ్లేవాళ్లు పదిన్నరకల్లా చేరండి. సంచి జిప్పు మూసే ఉంచండి, పిలిచేదాకా. ఎవరూ పిలవకపోతే విని తిరిగి రండి. బస్సు చార్జీలు దండగ కావు.